నడుము దాకా మత్తు

పోయినవారం మనం శివరామయ్యను గుంటూరు ఆస్పత్రి మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు పాపం. ప్రొస్టేట్ క్యాన్సరుకు నెలనెలా పొట్ట మీద వేయించుకోవాల్సిన ఇంజెక్షన్ పోయిన వానాకాలంలో స్వైన్ ఫ్లూ గోలలో ఆగిపోయింది. చలికాలం కూడా వెళ్ళిపోయింది గానీ ఇంజెక్షన్ మళ్ళీ మొదలవలేదు. "ఇంకా ఫ్లూ పూర్తిగా పోలేదటండీ, ఆ జనంలోకి ఎందుకు?" అంటూ భార్య ప్రమీలారాణి వాయిదా వేస్తూ వచ్చింది. ఫ్లూ వార్తలు పేపర్లో మొదటి పేజీ నుంచి లోపలి పేజీకి, అక్కడి నుంచి ఓ మూలకు జరిగిపోయాయి. ఆవిడ భయం మాత్రం ఉన్నచోటే ఉంది. చివరికి విసుగెత్తి, తెనాలిలో పనుందని చెప్పి రేపల్లెలో రైలెక్కి, ఆయన ఒక్కడే గుంటూరు వెళ్ళాడు. చొక్కా పైకెత్తి "ఇంజెక్షన్ వెయ్యండి బాబూ" అన్నాడు. కుర్ర డాక్టరు పరీక్ష చేశాడు, రక్తం రిపోర్టు చూశాడు, చూసి తెల్లబోయాడు.

"ఇంక ఇంజెక్షన్ దేనికండీ? ఆపరేషన్ చేసి రెండు బీజాలూ తీసేశారుగా! జబ్బు అదుపులోనే ఉంది. మూణ్ణెల్లకోసారి రక్తపరీక్షకి రండి, చాలు."

శివరామయ్యకు తెలిసి ఆయన ఒంటి మీద జరిగిన ఆపరేషన్ ఒక్కటే. పోయిన వానాకాలం చివర్లో తెనాలిలో, ప్రాణస్నేహితుడు డాక్టర్ ప్రకాశరావు చేతుల మీదుగా జరిగిన వరిబీజం ఆపరేషన్. దోమలూ కాలవ నీళ్ళూ కలిసి కాపురం చేసే మన డెల్టాలో వరిబీజం అంటే ఎవరూ నోరు తెరిచి ఆశ్చర్యపోరు. పంచె కట్టినంతకాలం అది మగవాళ్ళ సొంత విషయం. అది ముదిరితే ఓ పూట ఆస్పత్రిలో పడుకుని నీరు తీయించుకొస్తారు. శివరామయ్య కూడా అంతే అనుకున్నాడు.

గుంటూరు నుంచి బస్సులో తెనాలి ఎలా వచ్చాడో ఆయనకే గుర్తు లేదు. ఎండ మాడ్చేస్తున్న వేళకు ప్రకాశరావు నర్సింగ్ హోం ముందు దిగాడు. నర్సు శకుంతల లేచి నిలబడి, "రండి పెదనాన్నగారూ, డాక్టర్‌గారు భోజనానికి పైకి వెళ్ళారు" అంది. ఈయన మారు మాట్లాడకుండా మేడమెట్లెక్కాడు. మామూలుగా అయితే ఆ అమ్మాయిని పిల్లల సంగతీ ఊరి సంగతీ అడగనిదే కదిలేవాడు కాదు.

ప్రకాశరావు కంచంలో పెరుగు కలుపుకుంటున్నాడు. రేపల్లె హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్న వాళ్ళిద్దరూ ఈ వయసులో కూడా "ఒరే" అంటే "ఒరే" అనుకునేవాళ్ళు. ఆయన స్నేహితుణ్ణి చూడగానే ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"ఏరా, ఇంత ఎండలో! ఫోన్ చేస్తే ఇంత పప్పు ఎక్కువ పెట్టించేవాణ్ణిగా. కూర్చో."

శివరామయ్య కూర్చోలేదు.

"ప్రకాశం, నాకు నువ్వు చేసిన ఆపరేషన్ ఏంట్రా?"

"అదేం ప్రశ్నరా? వరిబీజానికి..."

"గుంటూరు వెళ్ళొస్తున్నాను."

పెరుగులో ఉన్న చెయ్యి ఆగిపోయింది. ప్రకాశరావు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. లేచి తలుపు దగ్గరగా వేశాడు. అబద్ధమాడేవాడు ఇంకో అబద్ధం వెతుక్కుంటాడు కదా, ఆయన వెతుక్కోలేదు. అక్కడే శివరామయ్యకు సంగతి తెలిసిపోయింది. దారి పొడుగునా ఆయన ఒక్కటే మొక్కుకుంటూ వచ్చాడు, ఆ కుర్ర డాక్టరు పొరబడ్డాడని ప్రకాశం నవ్వితే బాగుండునని.

"రెండూనా?" అన్నాడు.

"రెండూ."

"మరి నాకు తెలియలేదేంట్రా? స్నానం చేస్తాను, పంచె కట్టుకుంటాను. నా ఒళ్ళు నాకు తెలియదా?"

ప్రకాశరావు కంచం పక్కకు జరిపాడు. "పైపొర ఉంచాను. లోపలి గుజ్జు మాత్రం తీసేసి పొర కుట్టేశాను. చేతికి తగిలితే ఉన్నట్టే ఉంటుంది. వాపు తగ్గాక చిన్నవైనట్టు అనిపించినా, నీరు తీశాం కాబట్టి అంతేలే అనుకుంటావని..."

"అనుకున్నాను. నువ్వనుకున్నట్టే అనుకున్నాను."

ఈ కథ చదివే మగవాళ్ళు కొందరు ఇక్కడ ఇబ్బందిగా కదులుతారని నాకు తెలుసు. ఈ వయసులో వాటితో పనేముంది, ప్రాణం దక్కిందిగా అని కొందరు ఆడవాళ్ళు అనుకుంటారనీ తెలుసు. ప్రమీలారాణి కూడా సరిగ్గా అలాగే అనుకుంది. కానీ శివరామయ్య సంగతి వేరు. ఏడాది కిందట గుంటూరులో పెద్ద డాక్టరు రెండు దారులూ విప్పి చెప్పాడు. బతికినంతకాలం ఇంజెక్షన్లు, లేదా ఒక్కసారి ఆపరేషన్. రెంటి ఫలితం ఒక్కటేననీ చెప్పాడు. శివరామయ్య ఆలోచించకుండా ఇంజెక్షన్ అన్నాడు. బస్టాండులో భార్యను పక్కకు పిలిచి, "నన్ను కాటికైనా పంపు గానీ ఆ ఆపరేషన్ మాత్రం చెయ్యనివ్వకు" అని చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతిలో చెయ్యేసి మాటిచ్చింది. ఊళ్ళో గట్టు తగాదా వస్తే తీర్పుకు ఈయన్నే పిలుస్తారు. తన మాట చెల్లడం ఆయనకు అన్నం తిన్నంత అలవాటు.

"ఆ రోజు నాకు మత్తు నడుము కిందకే ఇచ్చావు" అన్నాడు శివరామయ్య. గొంతు మామూలుగానే ఉంది, అందుకే ప్రకాశరావుకు భయం వేసింది. "మెలకువగానే ఉన్నాను. మధ్యలో పచ్చగుడ్డ అడ్డం కట్టారు. నువ్వు నాతో కబుర్లు చెబుతూనే ఉన్నావు. డ్రిల్లు మాస్టారి సంగతి ఎత్తావు, గుర్తుందా?"

ప్రకాశరావు తల దించుకున్నాడు. గుర్తు లేకేం! డ్రిల్లు మాస్టారు చెంచురామయ్యగారు కబడ్డీ పోటీలకు పిల్లల్ని తెనాలి తీసుకెళ్తూ, రేపల్లె ప్లాట్‌ఫారం మీద చెల్లాచెదురైన వాళ్ళను పోగుచెయ్యడానికి గట్టిగా విజిలు వేశారు. అది గార్డు విజిలనుకుని డ్రైవరు బండి కదిలించేశాడు. పిల్లలూ మాస్టారూ ఇటు, మాస్టారి గొడుగూ పులిహోర డబ్బా అటు. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఇద్దరికీ పొట్ట చెక్కలయ్యే కథ అది.

"నేను పడీపడీ నవ్వాను. నువ్వేమన్నావో తెలుసా? 'నవ్వకురా, కదులుతావు, నా చెయ్యి బెసుకుతుంది' అన్నావు. నేను మంచివాడిలా నవ్వాపుకుని పడుకున్నాను. నీ చెయ్యి బెసక్కుండా సాయం చేశాన్రా నీకు!"

ఆస్పత్రిలో రిపోర్టు విన్నప్పుడు రాని దుఃఖం శివరామయ్యకు ఇప్పుడొచ్చింది. పోయినదాని కోసం కాదది. ఆ నవ్వు కోసం. చిన్నప్పటి నుంచి దాచుకున్న నవ్వును తెచ్చి తన కళ్ళకు గంతలు కట్టినందుకు.

"కూర్చోరా. ఆయాసం వస్తోంది నీకు" అని ప్రకాశరావు కుర్చీ జరిపాడు. "తిట్టు. కొట్టు. కానీ ఆ రోజులెలాంటివో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. రెండు ఇంజెక్షన్లు తప్పాయి. నడుం నొప్పని రాత్రిళ్ళు పడుకోవడం లేదు నువ్వు. జబ్బు వెన్నుపూసలోకి పాకితే కాళ్ళు పడిపోతాయి, ఆ తర్వాత ఎవరేం చేసినా లేవవు. గుంటూరు వాళ్ళేమో ప్రాణం మీదికొస్తే తప్ప ముసలివాళ్ళను తేవద్దంటున్నారు. వరండా నిండా దగ్గేవాళ్ళు, మూతులకు గుడ్డలు. మీ వీధి ముత్తయ్య హైదరాబాద్ వెళ్ళొచ్చి వారం తిరక్కుండా పోయాడు. నీకు చూస్తే ఎప్పటి నుంచో ఆయాసం. ఆ వరండాలో నిన్ను నెలనెలా ఎలా కూర్చోబెట్టనురా?"

"ఇంజెక్షన్ ఇక్కడికే తెప్పించి నువ్వే పొడవలేకపోయావా?"

అడిగిన మాట సూటిగా ఉంది. ప్రకాశరావు దానికి జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడేమో, నోరు తెరిచాడు. మళ్ళీ ఎందుకో మనసు ఒప్పుకోలేదు.

"మొదట కొన్నాళ్ళు సరుకు రాలేదు. అది నిజం. తర్వాత గట్టిగా ప్రయత్నిస్తే విజయవాడలో దొరికేదేమో. నేను... నేనంత గట్టిగా వెతకలేదు."

"ఎందుకని?"

"అప్పటికే ప్రమీలమ్మ వచ్చి అడిగింది కాబట్టి."

కింద వీధిలో రిక్షా బెల్లు మోగుతోంది. శివరామయ్య కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"ప్రమీల అడిగిందా?"

"ఇదిగో, నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని అడిగింది. 'అన్నయ్యగారూ, ఆయనకి చెబితే ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే ఆయన నాకు దక్కరు. మీరు చెయ్యండి, పాపం నాది' అంది. ఎలాగూ వరిబీజం ఇబ్బంది పెడుతోంది కాబట్టి ఆ పేరుతో పడుకోబెడదామనుకున్నాం. సంతకం ఆవిడే పెట్టింది."

"ఆ తెల్ల బిళ్ళలు? మళ్ళీ ఇంజెక్షన్ మొదలయ్యేదాకా అవి చాలని ఇచ్చావే?"

"ఎముకల బలానికి. కాల్షియం."

శివరామయ్య ఆ బిళ్ళల్ని రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ మింగేవాడు. జబ్బును ఆపుతున్నది అవేనని నమ్మి, పొలానికి వెళ్తే చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లొచ్చి, చలికాలంలో కూడా బనీను తడిసిపోతే, "పైత్యమండీ, ఫ్లూ గాలి తగిలిందేమో" అంటూ ప్రమీల కరివేపాకు వేసిన మజ్జిగ తెచ్చి పక్కన కూర్చుని విసిరేది. ఆ ఆవిర్లు ఆపరేషన్ వల్లేనని ఆవిడకు తెలుసు. తెలిసే విసిరింది. ఇంత ప్రేమగా చూసుకునే భార్య ఎవరికుంటుందని ఆయన మురిసిపోయాడు కూడా. ఆ మురిసిపోవడం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండిపోతోంది.

"ముందే చెబితే ఒప్పుకునేవాడివా చెప్పు" అన్నాడు ప్రకాశరావు.

"ఒప్పుకునేవాణ్ణి కాదు."

"మరి?"

"ఒప్పుకోకపోవడం నా ఇష్టం కదరా! మంచో చెడో, నేను పోతానో ఉంటానో, అది నాకు ఉండాలి కదా. నువ్వు దాన్ని కూడా తీసేశావు."

ప్రకాశరావు కళ్ళు తుడుచుకున్నాడు. "మీ అబ్బాయి విష్ణుకి తెలియదు" అన్నాడు. "వాడి కోపం నీకు తెలుసుగా. తెలిస్తే ఈ ఆస్పత్రికి తలుపులుండవు, నాకు డాక్టరీ ఉండదు. నాకూ, ప్రమీలమ్మకీ, మత్తు డాక్టరుకీ తప్ప నాలుగో మనిషికి తెలియదు. నామీద ఏ కోపమైనా పెట్టుకో శివరాం, రక్తపరీక్షలు మాత్రం మానొద్దు. ఇప్పుడు మానితే అంతా వృథా."

"ఇక నా ఒంటికి ఏది కావాలో నువ్వు చెప్పకు" అని శివరామయ్య కండువా భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

తెనాలి స్టేషనుకు వచ్చేసరికి రేపల్లె బండి నిలబడే ఉంది. ఎక్కాడు. కిటికీ పక్కన చోటు కూడా దొరికింది. వేమూరు, భట్టిప్రోలు, తర్వాత ఇల్లు. ఇంటికి వెళ్తే గుమ్మంలోనే ప్రమీల కాళ్ళకు నీళ్ళిస్తుంది. "ఇంత ఎండలో ఏం తిరుగుడండీ" అంటుంది. ఆ ముఖం ఎలా చూడాలి? చూసి అడిగితే ఏడుస్తుంది. ఆవిడ ఏడిస్తే తాను ఓదార్చాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే వరస. ఇంత మోసం చేయించుకుని మళ్ళీ తానే ఓదార్చడమా? ఆ ఆలోచన రాగానే బండి దిగిపోయాడు. సెల్‌ఫోన్ తీసి ఆపేశాడు. మెట్ల వంతెన మీదుగా ఆయాసపడుతూ అవతలి ప్లాట్‌ఫారానికి నడిచి బాపట్ల వైపు పోయే బండి ఎక్కాడు.

బాపట్లలో కూతురు కావేరి ఉంది. జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. తండ్రికి ఎదురు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఆ పిల్లకొక్కదానికే ఉండేది, అందుకే ఆయనకు ఆ పిల్లంటే అంత ముద్దు. ఆమెకు ఏమీ చెప్పనక్కర్లేదు. చెప్పగలిగిన విషయం కూడా కాదు. ఊరికే వెళ్ళి వరండాలో కూర్చుంటే చాలు, కాఫీ ఇస్తుంది, కాలేజీ కబుర్లు చెబుతుంది. తనను ఇంకా పాత శివరామయ్యగానే చూసే మనిషి ఒకరుంటే ఈ రాత్రికి చాలు. నాలుగో మనిషికి తెలియదన్నాడు ప్రకాశం. నిడుబ్రోలు దాటి అప్పికట్ల వచ్చేదాకా ఆ ఒక్క మాటనే పట్టుకుని కూర్చున్నాడు. ప్రకాశం మాట నమ్మడం ఆయనకు అలవాటైపోయింది మరి.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. అల్లుడింకా రాలేదు. కావేరి తలుపు తీసి, "ఇదేంటి నాన్నా, చెప్పకుండా!" అనలేదు. ఎందుకొచ్చావని గానీ, ఎలా వచ్చావని గానీ అడగలేదు. మంచినీళ్ళిచ్చి, ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"పిల్లలేరమ్మా?"

"ట్యూషన్‌కెళ్ళారు." "ప్రకాశం బాబాయ్ ఫోన్ చేశాడు నాన్నా" అంది.

శివరామయ్య గ్లాసు కింద పెట్టాడు.

"ఏమన్నాడు?"

"నీకు తెలిసిపోయిందన్నాడు."

ఆయనకు కోపం రాలేదు ముందు. సిగ్గేసింది. అరవై దాటిన మనిషికి, కన్నకూతురి ముందు, భూమి చీలితే బాగుండునన్నంత సిగ్గు. సంక్రాంతికి వచ్చి వెళ్ళినప్పుడూ, మనవళ్ళకు అన్నం తినిపిస్తూ తన పక్కన కూర్చున్నప్పుడూ ఈ పిల్లకు తెలుసన్నమాట. తెలిసే తనతో మామూలుగా నవ్విందన్నమాట. నాలుగో మనిషి లేదన్న ప్రకాశం చివరి మాట కూడా అబద్ధమే.

"మీ అమ్మ నీతో కూడా చెప్పిందా?" అన్నాడు.

కావేరి తల అడ్డంగా ఊపింది. "అమ్మ నాకు చెప్పలేదు నాన్నా. అమ్మకు నేనే చెప్పాను. నీ నడుం నొప్పి సంగతి వినగానే నాకు అర్థమైంది. పుస్తకాలు చదివాను, గుంటూరు డాక్టరుకు ఫోన్ చేశాను. వరిబీజం పేరు పెడదామన్నది కూడా నేనే. అమ్మ ఒప్పుకోలేదు. నీకు చేతిలో చెయ్యేసి మాటిచ్చానని రెండు పూటలు అన్నం మానేసి ఏడ్చింది. బలవంతంగా బండెక్కించి ప్రకాశం బాబాయ్ దగ్గరికి లాక్కెళ్ళాను. అక్కడేం మాట్లాడాలో కూడా దారిలో నేనే చెప్పాను. 'పాపం నాది' అన్నదొక్కటే అమ్మ సొంత మాట."

చిన్నప్పుడు తాను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని కాలవగట్టంతా తిప్పిన పిల్ల. తప్పైతే తప్పని ఎవరి ముందైనా చెప్పమని తానే నేర్పిన పిల్ల.

"నన్నడగాలని నీకు ఒక్కసారైనా అనిపించలేదా కావేరీ?"

"అనిపించింది. అడిగితే వద్దంటావు. వద్దన్నాక చేస్తే నేరం. అందుకే అడగలేదు." ఆమె ఏడుస్తూనే తల ఎత్తింది. "నాకు నువ్వు కావాలి నాన్నా. నీకు కోపం వచ్చినా సరే, నన్ను ఈ జన్మలో క్షమించకపోయినా సరే. మళ్ళీ ఆ రోజులే వస్తే మళ్ళీ అదే పని చేస్తాను."

తప్పు చేసినవాళ్ళు కాళ్ళ మీద పడితే ఏదో ఒక దారి ఉంటుంది. ఈ పిల్ల పడడం లేదు. భార్య, స్నేహితుడు, ఇప్పుడు కూతురు. ముగ్గురూ ప్రేమతోనే చేశారు. ముగ్గురూ తాను లేనిచోట కూర్చుని తన గురించి తేల్చేశారు, పొలం గట్టు ఎక్కడ పోయాలో తేల్చినట్టు. ఆయన లేచి చెప్పుల కోసం చూశాడు. రేపల్లె వెళ్ళలేడు, తెనాలి వెళ్ళలేడు, బాపట్లలో ఉండలేడు.

మిగిలింది కొడుకు విష్ణువర్ధన్ ఒక్కడే. ఈ పాపంలో చెయ్యి లేనివాడు ఆ ఇంట్లో వాడొక్కడే. శివరామయ్య జేబులోంచి ఫోన్ తీసి మీట నొక్కాడు. తెర వెలిగింది.

ఆయన ఎవరికి చేస్తున్నాడో కావేరికి అర్థమై ముఖం పాలిపోయింది. "నాన్నా, అన్నయ్యకు మాత్రం వద్దు! అన్నయ్యకు తెలిస్తే బాబాయ్‌ను బతకనివ్వడు. కేసు పెడతాడు, ఆస్పత్రి మూయిస్తాడు. సంతకం అమ్మది నాన్నా, అమ్మనూ ఈడుస్తారు. నన్ను కొట్టు, ఏమైనా చెయ్యి, వాడికి చెప్పొద్దు!"

పొద్దున్నుంచి మొదటిసారి ఆయన చేతిలోకి ఒక పగ్గం వచ్చింది. లాగితే ముగ్గురూ పడతారు. కానీ లాగాలంటే, తనకేం జరిగిందో కొడుక్కి తన నోటితో చెప్పాలి. మీసం వచ్చిన కొడుకు, నాన్న మాటంటే తీర్పని నమ్మే కొడుకు. అవతల ఫోన్ మోగుతోంది.

"నాన్నా! ఎక్కడికి పోయావు? ఫోన్ ఆపేశావేంటి? అమ్మ ఇక్కడ బెంబేలు పడిపోతోంది" అన్నాడు విష్ణు.

కావేరి రెండు చేతులూ జోడించింది. శివరామయ్య ఆమె వైపు చూడలేదు.

"మీ అమ్మ పక్కనే ఉందా?"

"ఉంది. ఇవ్వనా?"

"వద్దు" అన్నాడు శివరామయ్య. "నువ్వు వీధిలోకి రా. నీతో ఒక్కడితోనే మాట్లాడాలి."